ప్రతి నెలా అద్దె ఆలస్యం: మనుషులు మంచివాళ్లే, కానీ నా ఈఎంఐ ఆగదు (హొరమావు, బెంగళూరు)

హొరమావు టీచరమ్మ | ఫిబ్రవరి 8, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను కానీ రాయడం తక్కువ. ఇవాళ రాయక తప్పలేదు.

మాది హొరమావులో థర్టీ ఫార్టీ సైట్‌లో కట్టిన ఇల్లు. కింద నేను ఉంటాను, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాను. మావారు పోయి నాలుగేళ్లయింది. ఇంటి లోను ఇంకో ఆరేళ్లు ఉంది. నేను ప్రైవేటు స్కూల్లో పనిచేసి రిటైరయ్యాను, పెన్షను లేదు. ఫస్ట్ ఫ్లోర్ అద్దె 18,500, సెకండ్ ఫ్లోర్ 16,000. ఆ రెండూ కలిస్తేనే నా ఈఎంఐ 31,200 కట్టగలను. అది 7వ తేదీన కట్ అవుతుంది. అగ్రిమెంటులో అద్దె 5వ తేదీలోపు అని ఉంది.

సెకండ్ ఫ్లోర్ అబ్బాయిలు ఒకటో తేదీకే వేసేస్తారు. సమస్య ఫస్ట్ ఫ్లోర్ వాళ్లతోనే. కడప వైపు వాళ్లు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆయన ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. ఆ అమ్మాయి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. రెండున్నరేళ్లుగా ఉంటున్నారు. ఇల్లు అద్దంలా పెట్టుకుంటారు. నాకు డెంగీ వచ్చినప్పుడు పదిరోజులు ఆ అమ్మాయే చారన్నం తెచ్చి పెట్టింది. పెద్దబాబు సాయంత్రాలు నా దగ్గర లెక్కలు నేర్చుకుంటాడు.

కానీ అద్దె ఏ నెలా 5వ తేదీకి రాదు. ఎగ్గొట్టింది ఎప్పుడూ లేదు, ఆలస్యమే. అడిగితే "రేపు వేసేస్తాం ఆంటీ" అంటారు. ఆ రేపు వారం అవుతుంది, రెండు వారాలవుతుంది. నా ఖాతాలో డబ్బు సరిపోక ఈఎంఐ రెండుసార్లు బౌన్స్ అయింది, ఒక్కోసారి 590 రూపాయలు పోయాయి. బ్యాంకు నుంచి ఫోను వస్తే నాకు గుండెదడ. నా ఇంటి అద్దె అడగడానికి నేను మెట్లెక్కుతూ పదిసార్లు ఆలోచించుకోవాల్సి వస్తోంది. ఇవాళ 8. ఇంకా రాలేదు.

ఖాళీ చేయమని చెప్పేయనా? చెబితే పెయింటింగు, ఒక నెల ఖాళీ, బ్రోకరుకు ఒక నెల అద్దె. పైగా వాళ్ల మొహం ఎలా చూడను? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


కుప్పంవాడు | ఫిబ్రవరి 8, ఉదయం 11:05

అమ్మా, నేను సొంత అనుభవం చెబుతా, మీరు నొచ్చుకోవద్దు.

కగ్గదాసపురలో నాకు ఒక ఫ్లాటు ఉంది. బాడుగ 22,000. పాత రోజుల్లో మాదిరి పది నెలల అడ్వాన్స్ ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు కదా అని 60,000 తీసుకుని ఇచ్చినా. మొదటి ఆరు నెలలు 5వ తేదీ. తర్వాత పది రోజులు లేటు. తర్వాత నెల లేటు. అడిగిన ప్రతిసారీ ఒక కారణం, అన్నీ నమ్మదగినవే. చివరికి ఐదు నెలల బాకీ పడింది. అంటే లక్షా పదివేలు. అడ్వాన్స్ పోను 50,000 నా నెత్తిన పడింది. పెయింటింగు, పగిలిన సింకు వేరే. పోయేటప్పుడు "సారీ అన్నా" అని మెసేజ్ పెట్టి పోయినాడు.

వాడు చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. కష్టంలో ఉన్నాడు. కానీ ఆ కష్టాన్ని నేను ఐదు నెలలు మోసినా. మీ దగ్గర అడ్వాన్స్ ఎంత ఉంది? మీరు ఒంటరిగా ఉన్నారు, పెన్షను లేదు. ఇప్పుడే నోటీసు ఇవ్వండి.


బొమ్మనహళ్లి ఓనర్ | ఫిబ్రవరి 8, ఉదయం 11:30

ఇంత ఆలోచన ఎందుకండీ. పైకి వెళ్లే నీళ్ల వాల్వ్ ఒక పూట కట్టేయండి. సాయంత్రానికి డబ్బులు పడతాయి. నేను చేశాను, పనిచేసింది.


బాడుగింటి పిల్ల | ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 12:15

బొమ్మనహళ్లి ఓనర్ గారూ, మీరు రాసింది చదివి చెయ్యి వణికింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మేం చెన్నైలో పెరంబూరులో ఉండేవాళ్లం. నాన్నకు మూడు నెలలు జీతం రాలేదు. ఓనరు నీళ్లు ఆపేశాడు. అమ్మ రెండు వీధుల అవతల కార్పొరేషన్ చేతిపంపు దగ్గర బిందెలతో నిలబడేది. నేను స్నానం లేకుండా బడికి వెళ్లిన ఆ వారం నాకు ఇప్పటికీ గుర్తుంది. బాడుగ ఆలస్యం చేసింది నాన్న. నీళ్లు లేకుండా ఉన్నది నేనూ, రెండేళ్ల మా తమ్ముడూ.

టీచరమ్మ గారూ, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మీ దగ్గర లెక్కలు నేర్చుకునే బాబు ఆ ఇంట్లోనే ఉన్నాడు.


హొరమావు టీచరమ్మ | ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 12:40

అమ్మా, ఆ పని నేను కలలో కూడా చేయను. కుప్పం తమ్ముడూ, అడ్వాన్స్ లక్ష రూపాయలు ఉంది. అంటే ఐదు నెలల అద్దెకు పైనే. డబ్బు మునుగుతుందన్న భయం నాకు అంతగా లేదు. ప్రతి నెలా 7వ తేదీ రాత్రి నిద్ర పట్టడం లేదు, అదీ బాధ.


బెంగళూరు వకీలు | ఫిబ్రవరి 8, సాయంత్రం 6:50

నీళ్లు, కరెంటు ఆపే విషయం ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఓనర్లు అక్కడే ఇరుక్కుంటారు. అద్దె బాకీ ఉన్నా సరే, కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా ఖాళీ చేయించే హక్కు ఓనరుకు లేదు. తాళం మార్చి బయటకు పంపితే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఆ కేసులో "నువ్వు అద్దె బాకీ" అని ఓనరు వాదించినా లాభం ఉండదు. నీళ్లు ఆపితే ఇంజంక్షన్ (ఆపడానికి వీల్లేదనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంటారు. న్యాయం మీ వైపు ఉన్న గొడవలో తప్పు మీ వైపుకు మారిపోతుంది.

ఇక అసలు సంగతి. కర్ణాటక రెంట్ యాక్ట్ 1999 అని ఒకటి ఉంది. కానీ బెంగళూరులో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. అంటే ఇవాళ ఊళ్లో దాదాపు ఏ ఇంటికీ వర్తించదు. మీది 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం కిందకు వస్తుంది. మీ అగ్రిమెంటు పదకొండు నెలలదే అయి ఉంటుంది. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలి కాబట్టి అందరూ పదకొండు నెలలే రాసుకుంటారు. అది అయిపోయాక కొత్తది రాయకుండా మీరు అద్దె తీసుకుంటూ ఉంటే నెలనెలా అద్దె ఒప్పందంగా కొనసాగుతుంది. దాన్ని ముగించడానికి సెక్షన్ 106 ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు చాలు. అప్పటికీ ఖాళీ చేయకపోతే స్మాల్ కాజెస్ కోర్టులో దావా. నోటీసుకు 15 రోజులు, దావాకు మాత్రం ఓపిక కావాలి.

ఒక హెచ్చరిక. అద్దె కట్టలేదన్న కారణం మీద లీజు రద్దు చేసి దావా వేసినా, విచారణ నాటికి అతను బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే ఖాళీ చేయించకుండా వదిలేసే అధికారం సెక్షన్ 114 కింద కోర్టుకు ఉంది. ఎప్పుడూ ఎగ్గొట్టకుండా ఆలస్యం మాత్రమే చేసేవాళ్ల మీద "బాకీ" అనే వాదన బలంగా నిలవదు. 15 రోజుల నోటీసుతో ఒప్పందం ముగించే దారే మీకు సులువు.

ఇంకొకటి, ఇది మీరు రేపటి నుంచే చేయగలిగింది. ఆలస్యంగా వచ్చిన అద్దెను ఏ మాటా లేకుండా తీసుకుంటూ పోతే, ఆ షరతును మీరే వదులుకున్నారని అవతలి వాళ్లు వాదిస్తారు. డబ్బు పడగానే వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి: "ఈరోజు 18,500 అందింది. ఇది 5వ తేదీ ఇవ్వాల్సిన అద్దె, ఇన్ని రోజులు ఆలస్యంగా వచ్చింది. తీసుకున్నానంటే ఆలస్యానికి ఒప్పుకున్నట్టు కాదు, అగ్రిమెంటు షరతులు అలాగే ఉంటాయి." కోపం అక్కర్లేదు, మర్యాదగానే. కానీ రాతలో ఉండాలి.


కొళత్తూరు ఓనర్ | ఫిబ్రవరి 8, రాత్రి 8:10

చెన్నై వాళ్లు కూడా ఇక్కడ చదువుతున్నారు కాబట్టి మా సంగతి చెబుతాను. తమిళనాడులో 2017లో చేసిన కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. అగ్రిమెంటులో వేరేగా ఒప్పుకుంటే తప్ప అడ్వాన్స్ మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు. అగ్రిమెంటు రాతలో ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర ఆన్‌లైన్‌లో నమోదు చేయించాలి. రెండు నెలల అద్దె బాకీ పడి, నోటీసు ఇచ్చాక నెలలోపు కూడా కట్టకపోతే ఖాళీ చేయించమని రెంట్ కోర్టుకు వెళ్లొచ్చు. నీళ్లు, కరెంటు ఆపడం ఆ చట్టంలోనే నిషేధం. వకీలు గారు చెప్పిన బెంగళూరు దారి ఇక్కడ చెల్లదు, ఇక్కడిది అక్కడ చెల్లదు. చాలామంది యూట్యూబ్ చూసి ఒక ఊరి చట్టం ఇంకో ఊరికి తగిలిస్తున్నారు.

మా ఇంట్లో పద్ధతి ఒకటే. ఇంట్లో దిగేరోజే "మీ జీతం ఏ తేదీన పడుతుంది?" అని అడుగుతాను. దానికి రెండు రోజులు కలిపి అద్దె తేదీ పెడతాను. ముగ్గురు టెనెంట్లకు మూడు తేదీలు. పదకొండేళ్లలో నేను అద్దె కోసం తలుపు కొట్టింది నాలుగుసార్లో ఐదుసార్లో.


మున్నేకొళాల టెనెంట్ | ఫిబ్రవరి 8, రాత్రి 9:25

నేను అద్దెకు ఉండేవాడిని, కాబట్టి అవతలి వైపు నుంచి రాస్తాను.

కొళత్తూరు సార్ చెప్పిందే అసలు పాయింట్. అద్దె తేదీ 5 అని ఎందుకు పెడతారు? నెలాఖరుకో ఒకటో తేదీకో జీతాలు పడతాయనే లెక్క మీద. సాఫ్ట్‌వేర్ వాళ్లకు అది సరే. గోడౌన్లు, సెక్యూరిటీ, కాంట్రాక్టు ఉద్యోగాల్లో చాలాచోట్ల 7 తర్వాతే, కొన్నిచోట్ల 10 తర్వాతే. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో వెయ్యిమంది కంటే తక్కువ ఉంటే 7వ తేదీ, ఎక్కువ ఉంటే 10వ తేదీ గడువుగా ఉండేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో నెలజీతానికి 7వ తేదీ అన్నారు. కాగితం మీద 7 అన్నా, మా కాంట్రాక్టరు చేతికి బిల్లు వచ్చాకే మా జీతం.

ఇంకో సంగతి. నాలాంటి వాళ్లు నిన్నమొన్నటి దాకా యాప్‌లో క్రెడిట్ కార్డు మీద అద్దె కట్టి నెట్టుకొచ్చాం. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు మారాక చాలా యాప్‌లు ఆ సదుపాయం ఆపేశాయి. అక్టోబరు నుంచి నాకూ ఆలస్యం మొదలైంది. సిగ్గుపడుతూనే మా ఓనరుకు చెప్పాను. ఆయన తేదీ మార్చారు. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. చెప్పడానికి నాకు పట్టిన ధైర్యం మాత్రం చాలా ఎక్కువ.


లెక్కల మనిషి | ఫిబ్రవరి 9, ఉదయం 7:00

టీచరమ్మ గారూ, ఒక పని చేయండి. పాస్‌బుక్ తీసి గత పన్నెండు నెలలు వాళ్ల డబ్బు ఏ తేదీన పడిందో ఇక్కడ రాయండి. "ఎప్పుడూ లేటే" అనే మాటతో ఏమీ తెలియదు. తేదీలు చూస్తే తెలుస్తుంది.


హొరమావు టీచరమ్మ | ఫిబ్రవరి 9, ఉదయం 9:45

చూశాను. పోయిన ఫిబ్రవరి నుంచి వరసగా: ఫిబ్రవరి 11, మార్చి 12, ఏప్రిల్ 16, మే 24, జూన్ 27, జూలై 12, ఆగస్టు 11, సెప్టెంబరు 12, అక్టోబరు 21, నవంబరు 12, డిసెంబరు 13, జనవరి 19.

రాస్తుంటేనే ఆశ్చర్యం వేసింది. ఏ నెల చూసినా ఇరవై దాటాకే ఇచ్చారని నా మనసులో ముద్ర పడిపోయింది. అలా లేదు.


లెక్కల మనిషి | ఫిబ్రవరి 9, ఉదయం 10:10

పన్నెండు నెలల్లో ఏడుసార్లు 11కీ 13కీ మధ్యనే పడింది. అది ఇష్టం వచ్చినప్పుడు వేసేవాళ్ల తీరు కాదు. వాళ్లకు 10వ తేదీనే జీతం వస్తోంది, రాగానే మీకు వేస్తున్నారు. మిగతా ఐదు వేరే కథ. మే, జూన్ అంటే స్కూలు ఫీజులు. అక్టోబరు దసరా, దీపావళి. జనవరి సంక్రాంతికి ఊరు. ఏప్రిల్ ఒకటి నాకు తెలియలేదు.

మొత్తం ఆలస్యం 130 రోజులు, సగటున నెలకు 11 రోజులకు కాస్త తక్కువ. తేదీ 12 అయి ఉంటే ఏడింటిలో ఆరు సకాలంలో వచ్చినట్టే, డిసెంబరు ఒక్కటే ఒక రోజు ఆలస్యం. అసలు తగువు ఉన్నది ఆ ఐదు నెలల మీద.


కుప్పంవాడు | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:30

లెక్క బాగుంది, కానీ నాకు ఒక అనుమానం. తేదీ 12కు మారిస్తే వాళ్లు 20కి ఇస్తారు. గడువు ఎప్పుడు పెట్టినా దాని తర్వాత వారం అలవాటు అయిపోయినవాళ్లను నేను చూసినా. మా వాడికి కూడా ఒకసారి తేదీ మార్చినా.


పాలమూరు బిడ్డ | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 2:15

కుప్పం అన్నా, నీ అనుమానం సరైనదే. అందుకే తేదీ ఒక్కటే మారిస్తే సరిపోదు, మాట్లాడాలె. నేను కేఆర్ పురంలో పదహారేండ్ల నుంచి రెండు ఇండ్లు కిరాయికి ఇస్తున్న. నేర్చుకున్నది ఒక్కటి చెబుతా.

కిరాయి రాని రోజు మాట్లాడొద్దు. ఆ రోజు మీకు కోపం, వాళ్లకు సిగ్గు. సిగ్గులో ఉన్న మనిషి నిజం చెప్పడు, "రేపు" అంటడు. మీరూ "పర్లేదు" అంటరు. కిరాయి పడ్డ రోజున, లేకపోతే తెల్లారి మాట్లాడాలె. బాకీ లేదు కాబట్టి వాళ్లు తల ఎత్తుకుని కూసుంటరు. మెట్ల మీద కాదు, ఇంట్లకు పిలిచి, భార్యాభర్తలిద్దరినీ కూసోబెట్టి. పిల్లలు లేనప్పుడు. చాయ్ ఇచ్చి, ముందు మీ కష్టం చెప్పండి. ఈఎంఐ కాగితం చూపెట్టండి. ఓనరంటే పైసలున్నోళ్లని చాలామంది అనుకుంటరు. ఆ కిరాయి మీదే మీ లోను నడుస్తుందని వాళ్లకు తెలియకపోవచ్చు.

ఆ తర్వాత అడగండి: మీకు జీతం ఎప్పుడొస్తది, ఏ తేదీన ఏది కట్ అవుతది? అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పేదాకా మీరు మాట్లాడొద్దు.


రాయచోటి అక్క | ఫిబ్రవరి 9, సాయంత్రం 4:00

పాలమూరు తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. భార్యను కూడా కూర్చోబెట్టండి. చాలా ఇళ్లలో అద్దె కట్టలేదన్న సంగతే ఆమెకు తెలియదు, మీ ముందు నిలబడి సమాధానం చెప్పేది మాత్రం ఆమె.


బెంగళూరు వకీలు | ఫిబ్రవరి 9, రాత్రి 9:00

మాట్లాడండి, మంచిదే. మాట్లాడింది కాగితం మీదకు తీసుకురండి. పాతది గడువు తీరిపోయి ఉంటే కొత్త పదకొండు నెలల అగ్రిమెంటు రాయండి. ఆలస్య రుసుము పెట్టుకుంటే న్యాయంగా ఉండేలా పెట్టండి. రోజుకు వెయ్యి అని రాసినా 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు సమంజసమైనంతే ఇప్పిస్తుంది. మీకు నిజంగా జరిగే నష్టం బౌన్స్ చార్జీ, వడ్డీ. దానికి దగ్గరగా ఉంటే చాలు.

అడ్వాన్స్‌లో నుంచి నెలవారీ బాకీ తగ్గించుకోవడం మాత్రం మొదలుపెట్టకండి. "అడ్వాన్స్‌లో పట్టుకోండి ఆంటీ" అని వాళ్లు అన్నా సరే. ఖాళీ చేసే రోజుకు మీ చేతిలో ఏమీ మిగలదు, కుప్పంవాడు గారికి జరిగింది అదే.


మున్నేకొళాల టెనెంట్ | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

ఇంకో చిన్నది. యూపీఐ ఆటోపే పెట్టుకోమందామంటే, 15,000 దాటిన మొత్తానికి ప్రతిసారీ పిన్ కొట్టాలి, అప్పుడు మళ్లీ మర్చిపోవడం ఉంటుంది. ఆయన బ్యాంకు నెట్‌బ్యాంకింగ్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకోమనండి. జీతం పడిన మర్నాడు దానంతట అదే మీ ఖాతాకు వెళ్తుంది. నేను అలాగే పెట్టుకున్నాను. చేతిలో డబ్బు కనబడకముందే వెళ్లిపోవడం నాకు చాలా మేలు చేసింది.


ఈఎంఐ బాధితురాలు | ఫిబ్రవరి 10, ఉదయం 8:30

టీచరమ్మ గారూ, వాళ్ల తేదీతో పాటు మీ తేదీ కూడా చూడండి. మా బ్రాంచిలో లెటరు ఇస్తే హోమ్‌లోను ఈఎంఐ తేదీ మార్చారు. అన్ని బ్యాంకులూ ఒప్పుకోవు కానీ అడిగితే పోయేదేమీ లేదు. ఇంకొకటి, ఎలాగోలా ఒక్క నెల ఈఎంఐకి సరిపడా డబ్బు ఆ ఖాతాలో కదలకుండా ఉంచండి. నేను రెండు చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసి ఉంచాను. వడ్డీ కొంచెం పోయింది. బౌన్సులు పోయాయి, సిబిల్ స్కోరు భయం పోయింది. ఎవరైనా వారం లేటుగా ఇస్తే ఇప్పుడు నాకు కోపం రావడం లేదు, ఎందుకంటే అది నా నిద్ర మీదకు రావడం లేదు.


హొరమావు టీచరమ్మ | ఫిబ్రవరి 14, సాయంత్రం 5:30

12వ తేదీన అద్దె పడింది. పాలమూరు తమ్ముడు చెప్పినట్టే నిన్న సాయంత్రం ఇద్దరినీ కిందికి పిలిచాను. పిల్లలు ట్యూషన్ అయ్యాక పార్కుకు వెళ్లారు.

ముందు నేనే మాట్లాడాను. లోను స్టేట్‌మెంటు బల్ల మీద పెట్టాను. బౌన్స్ అయిన రెండు నెలలకు పెన్సిల్‌తో గీత గీశాను. ఆ అమ్మాయి అది చూసి భర్త వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "ఆంటీకి పెన్షన్ వస్తుందనుకున్నాం" అంది. రెండున్నరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నేనెప్పుడూ చెప్పలేదు, వాళ్లెప్పుడూ అడగలేదు.

తర్వాత అడిగి ఊరుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు ఆ అబ్బాయి. చివరికి చెప్పాడు. ఇంట్లో దిగినప్పుడు చేసే ఉద్యోగంలో ఒకటో తేదీకి జీతం. ఏడాదిన్నర కిందట ఉద్యోగం మారాడు, ఇక్కడ 10న పడుతుంది. అదే రోజు పర్సనల్ లోను కట్ అవుతుంది, 15న చీటీ. మారిన ఉద్యోగంలో జీతం కూడా తగ్గిందట, అది చెబితే ఇల్లు ఖాళీ చేయమంటానేమోనని భయపడ్డాడట. పోయిన ఏప్రిల్‌లో వాళ్ల నాన్నకు స్టెంటు వేశారట. అదే నెలలో నేను అద్దె కోసం మూడుసార్లు పైకి వెళ్లాను. తలుపు తీసి నవ్వుతూ "రేపు ఆంటీ" అన్నారు. ఆసుపత్రి మాటే ఎత్తలేదు.

నా తప్పు కూడా ఉంది. ప్రతిసారీ "పర్లేదమ్మా" అని దిగి వచ్చేశాను. నాకు పర్లేదు కాదు. నోటితో ఒకటి చెప్పి కడుపులో ఇంకోటి పెట్టుకున్నాను. వాళ్లు నా మాట నమ్మారు.

ఇక ఒప్పుకున్నవి. అద్దె తేదీ 12. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ 11కు పెట్టుకుంటాడు. ఆలస్యమయ్యేటట్టుంటే 10వ తేదీలోపు నాకు మెసేజ్ పెట్టాలి, ఏ రోజు ఇస్తారో అందులో ఉండాలి. 17 దాటితే రోజుకు వంద. మే, జూన్‌లలో మాత్రం స్కూలు ఫీజుల కారణంగా సగం 12న, సగం 20న. ఇవన్నీ కొత్త అగ్రిమెంటులో రాయిస్తున్నాం. ఈ వారం బ్యాంకుకు వెళ్లి నా ఈఎంఐ తేదీ సంగతి కూడా అడుగుతాను.


కుప్పంవాడు | ఫిబ్రవరి 14, రాత్రి 7:15

మంచి పని చేసినారమ్మా. నా అనుమానం నాకు ఉంది, కానీ మావాడిని నేను ఒక్కసారి కూడా కూర్చోబెట్టి అడగలేదు. ఫోనులోనే అరిచినా. ఒక మాట మాత్రం వినండి: మెసేజ్ లేకుండా 17 దాటిన నెల వస్తే ఆ వంద రూపాయలు వదిలేయకండి. ఒక్కసారి వదిలితే ఆ లైను కాగితం మీదే ఉంటుంది.


రాయచోటి అక్క | ఫిబ్రవరి 14, రాత్రి 8:00

స్టెంటు సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఎలా ఉన్నారట ఆ పెద్దాయన?


హొరమావు టీచరమ్మ | ఫిబ్రవరి 14, రాత్రి 8:20

బాగున్నారట అక్కా. ఉగాదికి ఇక్కడికి వస్తారని చెప్పింది ఆ అమ్మాయి.


హొరమావు టీచరమ్మ | ఏప్రిల్ 16, ఉదయం 11:00

చాలామంది మెసేజ్‌లు పెట్టి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

బ్యాంకువాళ్లు నా ఈఎంఐ తేదీ 15కు మార్చారు. రెండు వారాలు పట్టింది, రెండుసార్లు తిరిగాను. ఒక చిన్న డిపాజిట్ తీసి ఒక నెల ఈఎంఐ ఖాతాలో ఉంచాను.

మార్చి అద్దె 11వ తేదీ పొద్దున్నే పడింది. ఏప్రిల్‌లో 9వ తేదీ రాత్రి మెసేజ్: "ఆంటీ, మా కంపెనీలో ఈసారి జీతం 13న అంటున్నారు, 14న వేస్తాను." 14న వేశాడు. రెండు రోజులు ఆలస్యమే. కానీ నేను ఒక్కసారి కూడా మెట్లెక్కలేదు. వకీలు గారు చెప్పిన మెసేజ్ మాత్రం పెట్టాను, కాస్త మెత్తగా మార్చి.

అసలు పరీక్ష మే, జూన్. అవి వచ్చాక చెబుతాను.

ఇప్పుడు కొత్త సంగతి. సెకండ్ ఫ్లోర్ అబ్బాయిలకు ఇది తెలిసి, తమ తేదీ కూడా 12 చేయమని అడుగుతున్నారు. వాళ్లిద్దరికీ నెలాఖరుకే జీతం పడుతుంది. ఏం చెప్పాలి?


కొళత్తూరు ఓనర్ | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 12:30

జీతం తేదీ మారితే మార్చండి. మారకపోతే మార్చకండి. కింది వాళ్లకు మార్చింది అవసరం చూసి, ఇంట్లో అందరికీ ఇచ్చే రాయితీగా కాదు. ఇదే మాట వాళ్లకు చెప్పండి, అర్థం చేసుకుంటారు.


పాలమూరు బిడ్డ | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:10

ఒకటో తేదీకి ఇచ్చేటోళ్లను కూడా ఒకసారి కూసోబెట్టి చాయ్ ఇయ్యండి అమ్మా. రెండేండ్లు టైముకు కట్టినందుకు వాళ్లకు ఎవరూ మంచిమాట చెప్పి ఉండరు.


హొరమావు టీచరమ్మ | ఏప్రిల్ 17, రాత్రి 9:05

నిజమే తమ్ముడూ, చెప్పలేదు. ఇవాళ సాయంత్రం పిలిచి చెప్పాను. తేదీ ఒకటే ఉంటుందన్నాను, ఎందుకో కూడా చెప్పాను. సరేనన్నారు. పోతూ పోతూ బాత్రూమ్ గీజర్ మూడు నెలలుగా సరిగ్గా వేడెక్కడం లేదని చెప్పారు. ఇన్నాళ్లూ అడగడానికి మొహమాటపడ్డారట. ఎలక్ట్రీషియన్‌ను రేపు పొద్దున్న పదింటికి రమ్మన్నాను.